నాన్న వెన్నులో నీరు తీయించి అల్జీమర్స్ టెస్ట్ చేయించాం: మా అనుభవం, నా రేటింగ్

ముందుగా ఒక్క మాట. ఈ టెస్ట్ రిపోర్టులో అమైలాయిడ్ అనే ప్రొటీన్ పక్కన ‘తక్కువ’ అని కనిపిస్తే దయచేసి సంబరపడకండి. మేం సంబరపడ్డాం. రాత్రి తొమ్మిదిన్నర దాటాక వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది, తమ్ముడు తెరిచి "అక్కా, ఆ చెడ్డ ప్రొటీన్ తక్కువే ఉందంట" అన్నాడు, అమ్మ అప్పటికప్పుడు కాళ్లు కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టింది, తెల్లారేసరికి పిన్నివాళ్లకీ మేనత్తకీ అందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి. ఆరు రోజుల తర్వాత డాక్టరు గారు దాని అర్థం పూర్తిగా తిరగేసి చెప్పారు. అప్పుడు అమ్మ మొహం చూశాను. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

వెన్నులోంచి నీరు తీసి అందులో అల్జీమర్స్ జబ్బుకి సంబంధించిన ప్రొటీన్లు కొలుస్తారు. సీఎస్ఎఫ్ టెస్ట్ అంటారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాం. పేరు రాయడం లేదు, టెస్ట్ గురించీ, దాని చుట్టూ ఉన్న సర్వీసు గురించీ రాస్తున్నా.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. తెనాలి డిపోలో చేసి 2017లో రిటైరయ్యారు, ఇప్పుడు 66 ఏళ్లు. కిక్కిరిసిన బస్సులో నిలబడి నలభై మందికి టిక్కెట్లు కొట్టి, ఎవరికి ఎంత చిల్లర బాకీయో టిక్కెట్టు వెనక రాసిచ్చి, దిగేలోపు గుర్తుపెట్టుకుని మరీ ఇచ్చేసే మనిషి. అలాంటాయన పోయిన ఏడాది సంక్రాంతి ముందు కిరాణా కొట్లో పర్సు తీసి మొత్తం కొట్టు బాబాయ్ చేతిలో పెట్టి "ఎంతయిందో నువ్వే తీసుకోరా" అన్నారు. ఆ బాబాయే సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మతో మెల్లిగా చెప్పాడు. అప్పటిదాకా మేం పెద్దతనం అనుకున్నాం, చాదస్తం అనుకున్నాం, చెవుడు అనుకున్నాం. అడిగిందే అడుగుతుంటే విసుక్కున్నాం కూడా.

గుంటూరులో న్యూరాలజీ డాక్టరు గారు తొందరపడి ఏదీ తేల్చలేదు, అది నాకు నచ్చింది. ముందు బీ12, థైరాయిడ్ చూశారు, ఎందుకంటే ఆ రెండూ తగ్గినా మతిమరుపు వస్తుంది, మందులతో సరిచేసుకోవచ్చు. నిద్రమాత్రలేమైనా వేసుకుంటున్నారా, గురక పెడతారా, దిగులుగా ఉంటున్నారా అని అమ్మని విడిగా కూర్చోబెట్టి అడిగారు. ఎమ్మారై తీయించారు. తర్వాత తెలుగులోనే ఒక జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు, ఏసీఈ అంటారట, దాన్ని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం మనవాళ్లకి సరిపోయేలా తెలుగులో తయారుచేసింది. పదో తరగతి చదివిన మా నాన్న తనకు తెలిసిన మాటల్లోనే జవాబులు చెప్పారు, ఇంగ్లీషు రాక తడబడ్డారన్న అనుమానం లేకుండా పోయింది. (అదే నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు పేషెంట్లని చూసి 2013లో ఒక పరిశోధన వేశారు, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందట. నాన్నకి హైదరాబాద్ రూటు పుణ్యమా అని ఉర్దూ బాగా వచ్చు. ఆ నాలుగేళ్లు మాకు అందుకే దక్కాయేమో అని అమ్మ అంటుంటుంది.)

ఎమ్మారైలో జ్ఞాపకాలు చూసుకునే భాగం కాస్త కుంచించుకుపోయిందని వచ్చింది. కానీ అలా కుంచించుకుపోవడం వేరే జబ్బుల్లో కూడా ఉంటుంది. అల్జీమర్సేనా కాదా అని బతికుండగా గట్టిగా చెప్పాలంటే రెండే దారులన్నారు డాక్టరు గారు. ఒకటి అమైలాయిడ్ పెట్ స్కాన్, అది బాగా ఖరీదు, అన్నిచోట్లా లేదు. రెండోది వెన్నులో నీరు.

ఆ మాట వినగానే ఇంట్లో గొడవ మొదలైంది. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని మేనత్త, ఉన్న నీరు తీసేస్తే మెదడు ఎండిపోతుందని పక్కింటివాళ్లు. నాకూ టెన్షనే. డాక్టరు గారిని ఫోన్లో అడిగితే ఓపిగ్గా చెప్పారు. వెన్నుపాము నడుం పైభాగంలోనే అయిపోతుంది, సూది వేసేది దానికి దిగువన మూడో నాలుగో పూసల మధ్య, అక్కడ నీటిలో తేలే నరాల పోగులే ఉంటాయి, సూది తగిలితే పక్కకి జరుగుతాయి. నీరు సంగతి అయితే, పెద్దవాళ్లలో ఎప్పుడూ 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, రోజుకి అర లీటరు కొత్తగా ఊరుతూనే ఉంటుంది. టెస్టుకి తీసేది పది మిల్లీలీటర్లు, అంటే రెండు టీ స్పూన్లు. అరగంటలో మళ్లీ ఊరిపోతుంది. 1891 నుంచీ చేస్తున్న పద్ధతి ఇది. ఇదంతా అత్తకి చెప్తే "అయితే చేయించండి" అంది, కానీ ఆ రోజు ఉపవాసం ఉంది.

ఇక సర్వీసు. మొదటి ట్రిప్పు దండగ. నాన్నకి మూడేళ్ల కింద గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మందు క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు, మాకు చెప్పాలని తెలియదు. సూపర్ లగ్జరీలో రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే వెళ్తే, ఆ మందు మీద ఉండగా వెన్నులో సూది వేస్తే లోపల రక్తం కారే ప్రమాదం ఉంది, గుండె డాక్టరు ఒప్పుకుంటే ఆపి వారం తర్వాత రండి అన్నారు. చెప్పింది సరైనదే. కానీ ఫోన్లో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయనకి ఆ రెండు రాత్రుల ప్రయాణం తప్పేది. కొత్త చోటంటేనే ఆయన బెంబేలెత్తిపోతున్నారు, తిరుగు బస్సులో సూర్యాపేట దాటేదాకా "మనం ఎక్కడ దిగాలమ్మా" అని అడుగుతూనే ఉన్నారు. ముప్ఫై ఏళ్లు ఊళ్ల పేర్లు అరిచి జనాన్ని దింపిన మనిషి. మీరు వెళ్తుంటే వాడే మందులన్నీ ముందే ఫోటో తీసి పంపండి, రక్తం గడ్డకట్టే టెస్టు, ప్లేట్‌లెట్లు మీ ఊళ్లోనే చేయించుకుని తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందు మాత్రం సొంతంగా ఆపకండి, స్టెంట్ ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదికొస్తుంది.

రెండోసారి అంతా సవ్యంగా జరిగింది. నన్ను లోపలికి రానిచ్చారు, అందుకు ఆ డాక్టరమ్మకి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఎడమ పక్కకి పడుకోబెట్టి మోకాళ్లు పొట్టకి ఆనేలా ముడుచుకోమన్నారు, నేను ముందు నిలబడి చేతులు పట్టుకున్నా. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కాసేపాగి సూది వేయగానే నాన్న గట్టిగా "హోల్డాన్, హోల్డాన్" అన్నారు. డాక్టరమ్మకి వెంటనే అర్థమైంది, చెయ్యి ఆపేశారు. "నొప్పిగా ఉందా బాబాయ్ గారూ, ఇంకొంచెం మత్తు ఇస్తాను, మీరు రైట్ అంటేనే వెళ్దాం" అన్నారు. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి రెండు నిమిషాలు ఆగారు. నాన్న కళ్లు మూసుకుని "రైట్ రైట్" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

నీరు చుక్కచుక్కగా పడింది, తేటగా, బిందెలో తేరుకున్న నీళ్లలా. మొదట ఒకటి రెండు చుక్కలు కొంచెం ఎర్రగా వస్తే వాటిని వేరే ట్యూబులోకి వదిలేశారు. ఇక్కడే ఒకటి చూశాను, మీరూ గుర్తుపెట్టుకోండి. సూది వేయకముందే సిస్టర్ ట్రేలో పెట్టిన ట్యూబుల్ని డాక్టరమ్మ ఒక్కొక్కటీ లైటు కింద పట్టి చూసి, "ఇవి కాదమ్మా, పాలీప్రొపిలీన్‌వి తీసుకురా" అని వెనక్కి పంపేశారు. ఎందుకని అడిగా. అమైలాయిడ్ బంక లాంటిదట, గాజుకీ మామూలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కీ అంటుకుపోతుంది, నీటిలో ఉన్నది తగ్గిపోతుంది, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది. ట్యూబు తప్పయితే మిషను ఎంత మంచిదైనా ఏం లాభం? ఆవిడ పట్టించుకోకపోతే మాకు ఆ సంగతే తెలిసేది కాదు. మీరు వెళ్లిన చోట సిగ్గుపడకుండా అడగండి, "ట్యూబు పాలీప్రొపిలీన్‌దేనా" అని.

అడగాల్సింది ఇంకొకటి ఉంది, నేను అడగలేదు, అనుభవించాం. సూదుల్లో రెండు రకాలు ఉంటాయి. మామూలు సూది ఆ నీటి చుట్టూ ఉండే పొరని కోస్తుంది, ఇంకోదాని కొసకి కోసే అంచు ఉండదు, పోగుల్ని పక్కకి నెట్టుకుంటూ వెళ్తుంది, దాన్ని అట్రామాటిక్ అంటారు. ఆ సూది వాడితే తర్వాత తలనొప్పి వచ్చేవాళ్లు నూటికి 11 మంది నుంచి 4 మందికి తగ్గుతారని 2018లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. నాన్నకి వేసింది మామూలుదే. మూడో రోజు మొదలైంది తలనొప్పి, లేచి కూర్చుంటే తల పగిలిపోతోందంటారు, పడుకుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆసుపత్రి నంబరుకి నాలుగుసార్లు చేశా. మూడుసార్లు ఎవరూ ఎత్తలేదు, నాలుగోసారి "క్యాజువాలిటీకి తీసుకురండి" అన్నారు. తెనాలి నుంచి హైదరాబాద్ క్యాజువాలిటీకా? చివరికి గుంటూరు డాక్టరు గారే చెప్పారు, పడుకోబెట్టండి, నీళ్లు, మజ్జిగ బాగా పట్టించండి, కాఫీ ఇవ్వండి, జ్వరం వచ్చినా మెడ పట్టేసినా కాళ్లు తిమ్మిరెక్కినా ఆగకుండా తీసుకురండి అని. నాలుగు రోజుల్లో తగ్గింది. తగ్గకపోతే వాళ్ల రక్తమే కొంచెం తీసి వెన్నులో ఆ చిల్లు దగ్గర ఎక్కిస్తారట, చిల్లు మూసుకుపోతుంది. ఇంత మామూలుగా వచ్చే ఇబ్బందికి ఒక కాగితం మీద నాలుగు లైన్లు తెలుగులో రాసి చేతికిస్తే ఏం పోయింది?

రిపోర్టు పన్నెండో రోజున వచ్చింది, అదే వాట్సాప్ పీడీఎఫ్. కింద "క్లినికల్‌గా పోల్చి చూసుకోవలెను" అన్న ముక్క తప్ప వివరణ లేదు. అమైలాయిడ్ 42 పక్కన కిందికి బాణం, టావ్ పక్కన పైకి బాణం. మనం షుగరూ కొలెస్ట్రాలూ చూసుకునే అలవాటుతో చూస్తాం కదా, కిందికి బాణం అంటే మంచిదే అనుకుంటాం. టావ్ అంటే ఏంటో తెలియదు కాబట్టి దాని జోలికి పోలేదు.

గుంటూరులో డాక్టరు గారు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పిన తీరు ఇక్కడ రాస్తా, ఎందుకంటే ఇది ఆ ఆసుపత్రి చెప్పాల్సింది. ఆయన అమ్మని అడిగారు, "మీది తెనాలి కదమ్మా, కాలవలు చూసుంటారు. పైన తూము దగ్గరే మట్టి అంతా మేట వేసేసిందనుకోండి, కింద పొలంలోకి వచ్చే నీరు ఎలా ఉంటుంది?" అమ్మ అంది, "తేటగా ఉంటుందండి." "అంతే. తేటగా ఉందని కాలవ బాగుందనుకుంటే ఎలా? అమైలాయిడ్ 42 మెదడులో మేట వేసేస్తే వెన్నులోకి దిగేది తగ్గిపోతుంది. అందుకే అల్జీమర్స్ ఉన్నవాళ్లలో అది సగానికి సగం పడిపోతుంది." అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నేను దీపం పెట్టింది..." అని ఆపేసింది.

టావ్ సంగతి దానికి పూర్తి వ్యతిరేకం. నరాల కణాల లోపల సరుకులు మోసే సన్నని గొట్టాలు ఉంటాయి, వాటిని పందిరి గుంజలకి తాళ్లు కట్టినట్టు పట్టి ఉంచేది టావ్. దానికి ఫాస్ఫేట్ ఎక్కువగా అంటుకుంటే కట్టు ఊడిపోయి చిక్కుపడి ముద్దలవుతుంది, కణం దెబ్బతింటున్నకొద్దీ నీటిలోకి ఎక్కువగా వచ్చి చేరుతుంది. అందుకే ఇది పెరుగుతుంది. మొత్తం టావ్ అయితే పక్షవాతం వచ్చినా పెరుగుతుంది, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మరు. ఫాస్ఫేట్ అంటుకున్న టావ్ 181 అని విడిగా కొలుస్తారు, అల్జీమర్స్‌కి అది ఇంకా దగ్గరి సాక్ష్యం. నాన్నకి అది కూడా పెరిగింది.

అసలు చూడాల్సింది నిష్పత్తి అన్నారు. అమైలాయిడ్ 42ని అమైలాయిడ్ 40 అనే ఇంకో రకంతో భాగిస్తారు. కొందరి ఒంట్లో అమైలాయిడ్ పుట్టడమే తక్కువ, కొందరిలో ఎక్కువ. ఉత్త 42 చూస్తే పొరపాటు పడతాం. మొత్తం ఎన్ని బస్తాలు పండాయి అని కాకుండా ఎకరానికెన్ని అని అడిగినట్టు. మా రిపోర్టు లూమిపల్స్ అనే మిషను మీద చేసింది, అమెరికాలో ఎఫ్‌డీఏ 2022 మే నెలలో దీనికి అనుమతిచ్చింది. అందులో 0.073 గానీ పైన గానీ ఉంటే అమైలాయిడ్ మేట లేనట్టు, 0.058 గానీ కింద గానీ ఉంటే ఉన్నట్టు, మధ్యలో ఉంటే ఉండే అవకాశం ఎక్కువని. నాన్నది 0.046. వేరే మిషను మీద చేస్తే హద్దులు వేరేగా ఉంటాయి, కాబట్టి మీ రిపోర్టులోని అంకెల్ని నా అంకెలతో పోల్చుకోకండి, మీ ల్యాబ్ ఇచ్చిన హద్దులే చూడండి.

తెలిసి ఏం లాభం అని మా చిన్నాన్న అడిగారు, చాలామంది అడుగుతారు. జబ్బు తగ్గదుగా అని. నిజమే, తగ్గించే మందు లేదు. లెకానెమాబ్ అని కొత్తది వచ్చింది, అమైలాయిడ్‌ని తీసేస్తుంది, జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకే, అదీ ఇలాంటి టెస్టుతో అమైలాయిడ్ ఉందని తేలితేనే ఇస్తారు. పరీక్షల్లో 18 నెలల్లో దిగజారడం 27 శాతం నెమ్మదించింది, ఆగిపోలేదు. రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు కాబట్టి మాటిమాటికీ ఎమ్మారైలు. నాన్న గుండె మందులు చూసి డాక్టరు గారు వద్దన్నారు, మేమూ సరేనన్నాం. కానీ లాభం వేరేచోట దొరికింది. కనపడిన ప్రతివాళ్లూ చెప్పిన ఆకుపసరు, మెమరీ టానిక్‌లు ఆపేశాం. బ్యాంకు ఖాతాలో అమ్మ పేరు కలిపాం, పొలం కాగితాల సంగతి నాన్న తనకి తెలివి ఉండగానే తనే కూర్చుని చెప్పారు, ఎవరికి ఏది అని. అడిగిందే అడిగితే ఇప్పుడు తమ్ముడు విసుక్కోవడం లేదు.

ఎవరు చేయించుకోకూడదో కూడా చెప్పాలి. తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, పేరు నోటి చివర ఉండి రావడం లేదు, ఇలాంటివాటికి వెన్నులో సూది వద్దు. బుర్ర చక్కగా పనిచేస్తున్న పెద్దవాళ్లలో కూడా కొందరికి అమైలాయిడ్ ఉంటుంది, వాళ్లందరికీ జబ్బు రాదు. ఊరికే చేయించుకుంటే మిగిలేది భయమే. రక్తంతోనే చూసే టెస్టులు కూడా వస్తున్నాయి, ఫాస్ఫేట్ అంటుకున్న టావ్ 217 అని, 2025 మేలో అమెరికాలో మొదటిదానికి అనుమతి వచ్చింది, మతిమరుపు లక్షణాలున్న 55 దాటినవాళ్లకి. మీ డాక్టరుని అడగండి, దానితో తేలిపోతే సూది బాధే ఉండదు.

డబ్బు సంగతి. రెండు ట్రిప్పులూ, టెస్టూ, ఆసుపత్రి చార్జీలూ కలిపితే నాన్నకొచ్చే ఈపీఎస్ పింఛను ఆరు నెలలది పెట్టినా చాలలేదు. ఇన్సూరెన్సువాళ్లు రాత్రి ఆసుపత్రిలో ఉండలేదు కాబట్టి ఇవ్వం అన్నారు. ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. దేశంలో 60 దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో లెక్క తేల్చారు. ఇంతమంది ఉన్నచోట ఈ టెస్టు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు ధరకి దొరకాలని గట్టిగా కోరుకుంటున్నా.

రేటింగ్ ఇవ్వాలంటే టెస్టుకి 5కి 5. డాక్టరమ్మకి కూడా 5. ముందు ఫోన్లో అడగాల్సినవి అడగనందుకు, తర్వాత ఫోన్ ఎత్తనందుకు ఆసుపత్రి సర్వీసుకి 2. అర్థం చెప్పే మనిషి లేకుండా రాత్రిపూట పీడీఎఫ్ పంపించినందుకు సున్నా, ఇందులో రాజీ లేదు. మీరు టెస్టుకి డబ్బు కట్టేటప్పుడే చెప్పండి, రిపోర్టు నాకు పంపొద్దు, డాక్టరుకి పంపండి, మేం ఎదురుగా కూర్చుని వింటాం అని. అలా అడిగే హక్కు మనకి ఉంది. ఇంట్లో చూసుకునేవాళ్లకి సలహా కావాలంటే ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ హైదరాబాద్‌లో ఉంది, పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది.

కిరాణా కొట్టు బాబాయ్‌కి మేమే వెళ్లి జబ్బు పేరు చెప్పాం. నాన్న ఇప్పటికీ రోజూ సాయంత్రం అక్కడికి వెళ్తారు. బాబాయ్ సరుకు కట్టి, పర్సు ముట్టుకోడు. "కండక్టరు గారూ, వంద ఇచ్చారు, అరవై రెండు అయింది" అని పైకి అని, ముప్ఫై ఎనిమిది రూపాయలూ ఒక్కొక్క కాగితం, ఒక్కొక్క బిళ్ల లెక్కపెడుతూ నాన్న అరచేతిలో పెడతాడు. నాన్న కూడా ఆయనతో పాటే లెక్కపెడతారు.